నాకు పేరు తెచ్చిన కాఫీ

పరిశోధకుడికి పేరు రాకపోవడం ఒక కష్టం. వచ్చిన పేరు ఎందుకొచ్చిందో తెలియడం అంతకంటే పెద్ద కష్టం. ఆ రెండో కష్టం నాకు కుప్పంలో, ఇస్త్రీ చొక్కాలో, ఇంటర్వ్యూ పెద్దల ఎదుట వచ్చిపడింది. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

తొంభైల చివర్లో నేను తెనాలి నుంచి మదనపల్లెకు డాక్టరుగా వచ్చాను. అప్పుడప్పుడూ పుంగనూరు వెళ్లి గర్భిణులను చూసేవాణ్ణి. చూసి ఊరుకోవచ్చు కదా! నాకు పరిశోధన పిచ్చి. కడుపుతో ఉన్నప్పుడు ఇక్కడి ఆడవాళ్ల మనసు దేని మీదికి పోతుందో తేల్చాలనుకున్నాను. ‘గర్భం దాల్చిన పిమ్మట’ అని అడిగితే బడిపంతులులా ఉంటానని, అచ్చమైన జనం మాటలో ప్రశ్న తయారు చేశాను. మా తెనాలిలో ఫలానా అమ్మాయి నీళ్లు పోసుకుందంటే కడుపుతో ఉందని అర్థం. ఇంకేం, నా తెలివికి నేనే మురిసిపోయి, మొదట వచ్చిన గర్భిణిని అడిగాను.

“నీళ్లు పోసుకున్నాక నీకు ఏం కావాలనిపిస్తుందమ్మా?”

“వేడిగా ఇంత కాపీ తాగల్లనిపిస్తాది సార్.”

“పులుపు, మట్టి, బలపం... ఇలాంటివి?”

“మట్టి యాల తింటాం సార్?” ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“మొదటి బిడ్డప్పుడూ ఇంతేనా?”

“నీళ్లు పోసుకున్నప్పుడంతా ఇంతే సార్.”

ప్రతి గర్భంలోనూ కాఫీయే అని రాసుకున్నాను. తర్వాత వచ్చినామె కూడా కాఫీ అంది. ఆమె వెనకామె కూడా కాఫీయే. ఒకావిడ మాత్రం టీ అంది, కానీ శాస్త్రం అన్నాక మినహాయింపులు ఉంటాయి. బుర్ర ఉన్నవాడెవడైనా ఇక్కడ ఆగి అనుమానపడాలి. నేను మాత్రం ప్రపంచం ఎరుగని రహస్యం పుంగనూరులో నా చేతికి చిక్కిందని ఆ రాత్రి నిద్ర కూడా పోలేదు. వ్యాసం రాసి ఒక వైద్య పత్రికకు పంపాను. వాళ్లూ వేశారు!

కొన్నేళ్లు గడిచాయి. ఒక వైద్యుడి వ్యాసాన్ని ఇంకో వైద్యుడు తన వ్యాసంలో ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. పెద్ద ఉద్యోగం కావాలంటే అవి ఉండాలి. రక్తహీనత మీద నేను ఒళ్లు వంచి రాసిన వ్యాసాలను ఈగ కూడా వాలి చూడలేదు. మదనపల్లె ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే, కాఫీ వ్యాసాన్ని మాత్రం ఎవరెవరో తెగ ప్రస్తావిస్తున్నారు. తెర మీద వాళ్ల వ్యాసాల పేర్లే కనిపించేవి, లోపలి సంగతి చదవాలంటే డబ్బు కట్టాలి. పేర్లన్నీ ‘సర్వే ప్రశ్నలు అడిగే పద్ధతి’ లాంటివే. ప్రశ్నలెలా అడగాలో నన్ను చూసి నేర్చుకుంటున్నారని పొంగిపోయి, ఆ జాబితా మా ఆవిడకు కూడా చూపించాను.

అదే ధైర్యంతో కుప్పం మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. అది రాకపోతే తెనాలిలో మా మామగారి నర్సింగ్ హోమ్‌లో కూర్చోవాలి. పేషెంట్ల ముందే నన్ను “ఏమోయ్ కుర్ర డాక్టరూ” అని పిలిచే మనిషి ఆయన. ఆ పిలుపు తప్పించుకోవడానికి నేను ఎంత దూరమైనా పోగలను.

ఇంటర్వ్యూలో పెద్దావిడ ఒకరు నా కాగితాలు తిరగేస్తూ నవ్వాపుకుంటున్నారు.

“నీ కాఫీ వ్యాసం అందరి నోళ్లలో ఉండాది కదప్పా!”

“ఏదో మీ అభిమానం మేడమ్.”

“దాన్ని మొట్టమొదట ప్రస్తావించింది నేనే.”

నా ఛాతీ రెండింతలైంది. “చాలా సంతోషం మేడమ్!”

“యాల ప్రస్తావించినానో సదివినావా?”

“ఎందుకో తెలీదు, వ్యాసం పేరు మాత్రం చూశాను మేడమ్...”

“నాది మదనపల్లే. మా పక్క నీళ్లు పోసుకునేదంటే ఏమి? స్నానం చేసేది!”

స్నానమా? అంటే ఇన్నేళ్లూ నేను... పుంగనూరు ఆడవాళ్లందరినీ... స్నానం చేశాక ఏం తాగుతారని అడిగానా? గుండె ఒక్క క్షణం ఆగిందని డాక్టరుగా చెబుతున్నాను.

“మా స్టూడెంట్లను పంపించి అదే ప్రశ్న మగోళ్లను కూడా అడిగించినా,” అన్నారావిడ కళ్లు తుడుచుకుంటూ. “వాళ్లకీ కాపీనే కావాలంట!”

మిగతా పెద్దలు బల్ల చరిచి నవ్వారు. అంటే నన్ను ప్రస్తావించిన వాళ్లంతా ‘ఇలా అడగకండి’ అని చెప్పడానికే ప్రస్తావించారు! మామగారి గొంతు చెవిలో మోగుతుంటే సర్టిఫికెట్లు సర్దుకుని లేచాను.

“కూర్చో అప్పా, యాడికి పోతావు? సైటేషన్లు ఉండాయా లేదా అనే రూల్సులో ఉండాది. మంచికా చెడ్డకా అని యాడా రాయలేదు. వచ్చినోళ్లందరిలో నీకే ఎక్కువ ఉండాయి. ఉద్యోగం నీదే!”

తప్పుకు శిక్ష పడుతుందనుకుంటే ప్రొఫెసర్ పదవి వచ్చింది.

“సోమవారం పొద్దున్నే నీళ్లు పోసుకోని వచ్చి చేరు,” అన్నారావిడ.

అందుకే ఆ కుప్పం గుమ్మం దిగుతూ గంభీరంగా ప్రమాణం చేశాను: ఇకమీదట నా పేరు ఎక్కడ కనబడినా, అది పొగడ్తో తిట్టో తేల్చుకోకుండా మా ఆవిడకు చూపించను. రక్తహీనత వ్యాసాలను మాత్రం ధైర్యంగా చూపిస్తున్నాను, వాటిని ఇంతవరకు ఎవరూ తిట్టలేదు.