నాలుగూ ఎనిమిదికి వచ్చిన బస్సు

పోయినవి ముందు చెబుతాను. ఆరుగురు మనుషులు, ఒక బస్సు, టాపు మీద పద్నాలుగు బుట్టల పట్టుగూళ్లు, ఒక పాడి మేక. ఇవన్నీ పోయింది రెండు నిమిషాలు మిగుల్చుకోవడానికి.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. బడి నాలుగో తరగతితో ఆగినా కూడికలు, తీసివేతలు నాకు నేనే నేర్చుకున్నాను. లెక్కకు అందనిది ఉందని ఎవరైనా అంటే, వాడు ఎక్కడో తప్పు కూడి ఉంటాడనుకునేవాణ్ణి.

డెబ్భైల చివర్లో కుప్పం బస్టాండులో ఒక ప్రైవేటు బస్సుల యజమాని దగ్గర టైంకీపరుగా ఉండేవాణ్ణి. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా వచ్చే బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి తిరిగి వెళ్లింది. నా పుస్తకంలో రెండే గళ్లు. కండక్టరు ట్రిప్పు షీటు కిటికీలో పెడితే టైం వేసి సంతకం చేసేవాణ్ణి. ఆ బస్సు కండక్టరు మునిరత్నం మా చెల్లెలి భర్త.

కుప్పానికి మూడు మైళ్ల ముందు, రోడ్డు పట్టాలను దాటే చోట, గేటూ కాపలా లేని రైలుదాటు ఒకటుండేది. అక్కడ బస్సు ఆగాలి. కండక్టరు దిగి, పట్టాల దాకా నడిచి, రెండు వైపులా చూసి విజిల్ వేశాకే డ్రైవరు కదలాలి. అదీ రూలు. పట్టేది రెండు నిమిషాలు.

ఆ రెండు నిమిషాలంటే డ్రైవరు నారాయణప్పకు ఒళ్లు మంట. వెనక ఇంకో కంపెనీ బస్సు తరుముకొస్తూ ఉండేది. లోపలి జనం కూడా పోనీ పోనీ అని బస్సు రేకులు చరిచేవాళ్లు.

దిగి చూస్తున్నావా అని ఒకసారి మునిరత్నాన్ని అడిగాను.

"దిగితే నన్ను ఇడ్సిపెట్టి పోతాండాడు బావా. మొన్న అర మైలు పరిగెత్తినా. లోపల జనానికి ఒకటే నవ్వు," అన్నాడు.

నారాయణప్ప టీ గ్లాసుతో పక్కనే ఉన్నాడు. "రైలొస్తే ఇనబడదా అప్పా? అదేమన్నా పిల్లినా, సప్పుడు లేకుండా వచ్చేదానికి?" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ రోజు బస్సు నాలుగూ పదికి రావాలి. నాలుగూ ఎనిమిదికి కిటికీలోకి ట్రిప్పు షీటు వచ్చింది. తలెత్తితే మునిరత్నం. వెనక బస్సు ఇంజను ఆపి నిలబడి ఉంది. అందులోంచి ఎవరూ దిగడం లేదు. అది నాకు అప్పుడు తట్టలేదు.

"ఏం బావా, ముందే వచ్చినారే. రైలుదాటు కాడ దిగినావా?" అంటూ సంతకం చేశాను.

"దిగినాను బావా. రెండు పక్కలా సూసినాను," అన్నాడు.

మొహాన చెమట లేదు. చొక్కాకు దుమ్ము లేదు. షీటు తీసుకుని వెళ్లాడు. పుస్తకంలో 4.08 అని రాసి తలెత్తేసరికి స్టాండు ఖాళీ.

నాలుగున్నరకు ఒకాయన సైకిలు మీద వచ్చి చెప్పాడు, దాటు దగ్గర మా బస్సును గూడ్సు బండి కొట్టేసిందని. రైలువాళ్ల లెక్కలో అది మూడూ యాభై ఆరు. బస్సు ఆగనే లేదని, ఎవరూ దిగలేదని బతికినవాళ్లు చెప్పారు. పోయిన ఆరుగురిలో నారాయణప్ప, మునిరత్నం ఉన్నారు.

మునిరత్నం జేబులో దొరికిన ట్రిప్పు షీటును పోలీసాయన నా ముందు పెట్టాడు. నాలుగూ ఎనిమిది, కింద నా సంతకం. ఎప్పుడు పెట్టావన్నాడు. చెప్పాను. ఆయన నా మొహం చూసి, ముందురోజే సంతకాలు చేసి ఇచ్చే అలవాటు నాకుందని రాసుకున్నాడు. నాకు ఆ అలవాటు లేదు.

కండక్టరు దిగి ఉంటే ఆరుగురూ బతికేవాళ్లని ఊరంతా మునిరత్నాన్నే తిట్టింది. రేకులు చరిచినవాళ్లు కూడా తిట్టారు. మా చెల్లెలు ఒక్కటే అడిగింది.

"ఆయన దిగినాడా లేదా, నిజం సెప్పన్నా."

దిగానని నాతో అన్నాడమ్మా అని చెప్పాను. అది అబద్ధం కాదు. నిజమని రుజువు చేయడమూ నా వల్ల కాదు.

పదో రోజు వెళ్లి ఆ దాటు దగ్గర గంటసేపు నిలబడ్డాను. తొమ్మిది బండ్లు వచ్చాయి. ఆగింది ఒక్క ఎద్దులబండి. దాని వెనక బస్సువాడు హారన్ మోగించి, బండివాణ్ణి అమ్మనాబూతులు తిట్టాడు.

ఆ ఏడాది పుస్తకం నా దగ్గరే ఉంది. ఎన్నిసార్లు కూడినా, వచ్చిన బస్సుల కంటే వెళ్లిన బస్సులు ఒకటి తక్కువ. 4.08 పక్క గడి ఖాళీ. కుప్పం నుంచి ఒక బస్సు వెళ్లడం ఇంకా బాకీ.