పిన్ని వేసుకొచ్చిన చొక్కా

మొన్న మా చర్చి సంఘంలో స్త్రీల కూడికకు రెండు రోజుల ముందు, మా పాస్టరు అయ్యగారి భార్య, చాలా చిన్నవయసు పిల్ల, ఎంతో గౌరవంగా మా ఇంటికి వచ్చి, ఈసారి ఆడపిల్లలకు వస్త్రధారణ మీద నాలుగు మాటలు నన్నే చెప్పమని అడిగింది. ఆ వారమే మా పేట పక్కన స్పిన్నింగు మిల్లులో పనిచేసే ఒక పిల్ల మీద, షిఫ్టు దిగి నడిచి వస్తుండగా, దౌర్జన్యం జరిగింది. ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటోంది. ఈ అమ్మాయి మాత్రం ఆ ఊసు నేరుగా ఎత్తకుండా, "పెద్దవారు, మీరు చెబితే వింటారు మామ్మగారూ, ఆ ప్యాంట్లూ చొక్కాలూ మానమని కాస్త గట్టిగా చెప్పండి" అని, చదవవలసిన వాక్యం కూడా తన ఫోనులో తీసి చూపించింది. ఆడవాళ్ళు మగవాళ్ళ దుస్తులు ధరించకూడదని బైబిలు ధర్మశాస్త్రంలో ఉన్న మాట అది. అది చూడగానే నా అరచేతులు మండాయి. మిరపకాయ కోసిన చేతులు ఎలా మండుతాయో నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. నేను మిరపతోటలో అడుగుపెట్టి ఎన్నో ఏళ్ళయింది, అయినా మండాయి.

మాది చిలకలూరిపేటకు పడమరగా, సాగరు కాలువలు ఇంకా రాని రోజుల్లో, నల్లరేగడి మీద వానను నమ్ముకుని పత్తీ మిరపా పండించే ఊరు. పండించేది ఆసాములు, కోసేది మా పల్లెవాళ్ళు. మా నాన్న పల్లె బడికి పంతులు, ఆదివారం వస్తే మాకు గుడి కూడా అయిన అదే తాటాకు పాకలో ఉపదేశి. పట్నంలో ఉండే అయ్యగారు మూడు నెలలకొకసారి సైకిలు మీద వచ్చి ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ, ఇచ్చి వెళ్ళేవారు. ఆ ఆదివారం ఆడవాళ్ళంతా తెల్లచీరలు కట్టుకుని, తలనిండా ముసుగు వేసుకుని చాపల మీద కూర్చుంటే, మల్లెపూలు రాశి పోసినట్టు ఉండేది. కోతల కాలంలో మాత్రం ఎంత రుద్ది తోముకున్నా ఒంటిని అంటుకున్న ఘాటు పోయేది కాదు. నాన్న ప్రసంగం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు తుమ్మేవారు, అది చాప చాపకూ పాకేది, చివరకు నాన్నకే తుమ్ము వచ్చి వాక్యం మధ్యలో ఆగిపోయేది. దేవుడు కూడా నవ్వుకునేవాడేమో అనుకునేదాన్ని.

కోతకు వెళ్ళే ఆడవాళ్ళ వేషం గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. చీరమీద అన్నదో మొగుడిదో పాత నిండుచేతుల చొక్కా వేసుకుని, మెడ బొత్తాం దాకా పెట్టుకుని, తలకూ మూతికీ గుడ్డ చుట్టుకునేవారు. కళ్ళు తప్ప ఏమీ కనబడేది కాదు. పొద్దున్నే వాళ్ళు వరసగా పొలాలకు పోతుంటే ఎవరు ఎవరో నడకను బట్టి పోల్చుకోవలసిందే. ఆ చొక్కా లేకపోతే మిరప ఒంటిని తినేస్తుంది. అందుకని దాన్ని ఎవరూ బట్ట కిందే లెక్కవేసేవారు కాదు, కొడవలీ గంపా లాగా అదీ ఒక పనిముట్టే.

మా అమ్మ ఆఖరి చెల్లెలు, మా పిన్ని, ఆ ఏడు మా మామయ్య ఖాకీ చొక్కా వేసుకుని కోతకు వెళ్ళింది. మామయ్య పేటలో పత్తి మిల్లు కార్మికుడు, మిల్లువాళ్ళు ఇచ్చిన పాత చొక్కా చెల్లెలికి ఇచ్చాడు. పిన్నికి అప్పటికి పద్దెనిమిదో పంతొమ్మిదో. గుడిలో పాట ఎత్తుకునేది ఆమే. దర్శి వైపు అబ్బాయితో ప్రధానం కూడా అయింది, కోతలు అయ్యాక పెళ్ళి.

ఒకనాటి సాయంత్రం అందరూ పొలం దిగి ఇంటి దారి పట్టాక, గట్టు మీద మరచిపోయిన మంచినీళ్ళ ముంత కోసం పిన్ని వెనక్కి వెళ్ళింది. అక్కడ ఆ తోట ఆసామి బావమరిది, కావలి చూసుకునేవాడు, ఉన్నాడు. పిన్ని ఇంటికి చేరేసరికి చొక్కా బొత్తాలు ఊడి ఉన్నాయి, జేబు చిరిగి వేలాడుతోంది, తల కడవ కింద పెట్టి నీళ్ళు పోయమని అమ్మమ్మను అడిగింది. ముందు నడిచి వచ్చిన ఆడవాళ్ళను అమ్మమ్మ అడిగితే, మాకేమీ వినబడలేదన్నారు. ఒకావిడ మాత్రం నక్క కూసిందనుకున్నానంది.

మరునాడు మా ఇంటి అరుగు మీద సంఘ పెద్దలు కూర్చున్నారు. అందరిలోకీ పెద్ద మా అమ్మమ్మకు అన్న, మేం పెద్దతాత అనేవాళ్ళం. సంఘానికీ ఆయనే పెద్ద, ఆసామి పొలాలకు కూలీలను తీసుకుపోయే మేస్త్రీ ఆయనే. ఈ రెండు పెద్దరికాలూ ఒకే తలపాగా కింద ఉండటంలో ఇబ్బంది ఏమిటో మాకెవరికీ ఆనాటి దాకా తట్టలేదు. నేను తలుపు వెనక అమ్మ కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డాను.

"క్రిస్మసుకి దానికా నైలాను చీర ఎందుకు? లోపల చేయి కనపడేటట్టు," అన్నాడు పెద్దతాత.

"క్రిస్మసుకి కట్టుకున్న చీర కోతల్లో గుర్తొచ్చిందా వాడికి? ఆ పూట కళ్ళు తప్ప ఏం కనపడ్డాయన్నా దాని ఒంటి మీద?" అంది అమ్మమ్మ.

"కప్పుకుంది సరే. కప్పుకుంది ఏందీ? మగాడి చొక్కా. వాక్యమే కూడదంటుంది. పంతులూ, చెప్పవేం?"

"అట్టయితే కోతకు నీ కోడళ్ళిద్దరూ వేసుకునేదేంది, రవికలా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెద్దతాత గొంతు తగ్గించి, ఆసామి తోటలో రెండో కోత ఇంకా మొదలు కాలేదనీ, పల్లెలో పొయ్యి వెలగాలంటే ఆ కోత కావాలనీ, అల్లరి చేసుకుంటే ఇంకో ఊరి కూలీలు వస్తారనీ చెప్పాడు. ఆ తరువాత ఇక ఎవరూ ఆసామి బావమరిది ఊసెత్తలేదు. మాటలన్నీ చొక్కా మీదికి మళ్ళాయి, అది మాట్లాడుకోవడానికి సులువుగా ఉంది. పిన్నిని బల్ల నుంచి నిలిపివేయాలనీ, అయ్యగారు వచ్చిన ఆదివారం సంఘం ముందు నిలబడి తన వస్త్రధారణలో తప్పు జరిగిందని ఒప్పుకుంటే తిరిగి చేర్చుకోవాలనీ తీర్మానించారు. మా నాన్న అంతసేపూ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని, చివర ప్రార్థన మాత్రం చేశాడు.

ఆ వెంటనే వచ్చిన ఆదివారం, అయ్యగారు ఇంకా రాకముందు, వాక్యం చదివింది నేను. పాఠాలు తడబడకుండా చదివినందుకు సండే స్కూలులో బహుమతి తెచ్చుకున్నదాన్ని కాబట్టి గుడిలో చదివే పని తరచు నాకే వచ్చేది. నాన్న గ్రంథం తెరిచి, పుట పైభాగంలో ఒక వాక్యం మీద వేలు పెట్టి, ఇంతవరకే అన్నాడు. నేను ఇంతవరకే చదివాను, స్పష్టంగా, ఒత్తులు పలుకుతూ. పెద్దతాత తల ఊపాడు. చివరి చాప మీద గోడవైపు తిరిగి కూర్చున్న పిన్ని వీపు కనబడుతున్నా నాకు ఆ తల ఊపే ముఖ్యమైంది. ఇంటికి వెళ్ళాక మా అమ్మ నా గౌన్ల అంచులు అన్నీ విప్పి, రెండంగుళాలు కిందికి దింపి కుట్టింది. సొంత చెల్లెలి కోసం ఆమె చేసిన పని నాకు తెలిసినంతవరకు అదొక్కటే.

అయ్యగారు వచ్చిన ఆదివారం గుడి నిండింది. పాట అయిపోతుండగా పిన్ని వచ్చింది. తెల్లచీర కట్టుకుంది, దానిమీద ఆ ఖాకీ చొక్కా వేసుకుంది. ఉతకలేదు. ఊడిన బొత్తాల చోట పిన్నీసులు పెట్టుకుంది, చిరిగిన జేబు అలాగే వేలాడుతోంది. ఆమె చాపల మధ్య నుంచి నడుస్తుంటే చొక్కాకు పట్టిన మిరప ధూళి లేచి, అటు ఆడవాళ్ళూ ఇటు మగవాళ్ళూ ఒకరి తరువాత ఒకరు తుమ్మడం మొదలుపెట్టారు. ఆ రోజు ఎవరికీ నవ్వు రాలేదు. పిన్ని అయ్యగారి ముందు నిలబడి, తుమ్ములు తగ్గేదాకా ఓపికగా ఆగింది.

"ఆరోజు నేను వేసుకుంది ఇదేనండీ. అందరూ చూస్తారని వేసుకొచ్చాను. ఇందులో తప్పెక్కడుందో చూపిస్తే ఒప్పుకుంటాను."

అయ్యగారు మా నాన్నవైపు చూశారు. నాన్న గ్రంథంవైపు చూశాడు. పెద్దతాత లేచి, "గుడి మర్యాద తెలీదా? కూర్చో," అన్నాడు. పిన్ని కూర్చుంది. రొట్టె పళ్ళెం చాప వెంట వచ్చింది, ఆమె దగ్గరకు వచ్చేసరికి పట్టుకున్నవాళ్ళు చేయి చాచి ఆమెను దాటించి పక్కకు అందించారు. పక్కన ఉన్నది మా అమ్మమ్మ. ఆమె పళ్ళెంవైపు కాసేపు చూసి, ముట్టకుండానే ముందుకు పంపి, కూతురి భుజం పట్టుకుని లేచి, ఇద్దరూ బయటికి వెళ్ళిపోయారు.

పెళ్ళి తప్పిపోయింది. ఆ ఎండాకాలంలోనే అమ్మమ్మ, పిన్ని దాచేపల్లి వైపు సున్నపురాయి గనుల్లో పనిచేసే బంధువుల దగ్గరకు వెళ్ళిపోయారు. ఆసామి తోటలో రెండో కోత జరిగింది. మూడోదీ జరిగింది. ఆడవాళ్ళందరూ చొక్కాలు వేసుకునే వెళ్ళారు.

నేను ట్రైనింగు అయి పంతులమ్మనై, సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పడానికి ఆ అధ్యాయం మొదటిసారి పైనుంచి కింది దాకా చదివాను. చొక్కా సంగతి పైన ఉంటే, అదే పుటలో అడుగున మరొక సంగతి ఉంది. ప్రధానమైన పిల్లను పొలంలో ఎవడైనా బలవంతం చేస్తే ఆమెలో ఏ పాపమూ లేదని, ఆమె కేకవేసింది గాని కాపాడేవాళ్ళు లేకపోయారని, శిక్ష వాడొక్కడికే అని. పొలం, ప్రధానం, కేక, మా పిన్ని కోసమే రాసిపెట్టినట్టుంది. ఆనాడు గుడిలో గ్రంథం పట్టుకున్న నా చిటికెనవేలు ఆ మాటల మీదే ఆని ఉంటుంది. పరుగున నాన్న దగ్గరకు గ్రంథం తీసుకువెళ్ళాను, ఆయనకు తెలియక పొరపాటు జరిగిందనే నమ్మకంతో. నాన్న కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు. "అది చదివితే ఆ తరువాత వాడి పేరు చదవాల్సి వచ్చేది."

నాన్న చెడ్డవాడు కాదు. ఇంటింటికీ తిరిగి రోగుల తలమీద చేయి పెట్టి ప్రార్థించినవాడు, నాకు అక్షరమూ విశ్వాసమూ ఇచ్చినవాడు. దేవుని వాక్యం పాదాలకు దీపమని నేర్పినది ఆయనే. ఆ దీపం పట్టుకున్నవాళ్ళే ఎటువైపు వెలుగు పడకూడదో ఎంచుకున్నారనేది మాత్రం నేను ఇప్పటికీ ప్రార్థనలో సరిగా చెప్పుకోలేకపోతున్నాను.

చాలా ఏళ్ళకు పిన్నిని చూడటానికి వెళ్ళాను. పెళ్ళి చేసుకోలేదు. గనిలో రాళ్ళు ఎత్తి నడుము వంగింది, గొంతు మాత్రం అలాగే ఉంది. అక్కడి సంఘంలో పాట ఎత్తుకునేది, బల్ల ఇచ్చే ఆదివారం మాత్రం పళ్ళెం వస్తే చేతులు ముడుచుకుని పక్కవాళ్ళకు వదిలేసేది. నేను ఆమె పక్కన మంచం మీద కూర్చుని ఆ అడుగున ఉన్న మాటలు చదివి వినిపించాను. అవి వింటే బల్ల దగ్గరకు వస్తుందనుకున్నాను.

పిన్ని మొత్తం విని, "నేను కేకేశానని నాకు తెలుసులేవే. నాకెందుకు చదువుతావు?" అంది. మళ్ళీ తనే, "కాపాడేవాళ్ళు లేరు అని ఉందా అందులో?" అని అడిగింది. ఉందన్నాను. "గట్టు దిగి ఇంకా ఎంతో దూరం పోలేదే మనోళ్ళు. ఒకామె తిరిగి చూసింది కూడా." ఆ తిరిగి చూసినామె ఎవరో పిన్ని చెప్పలేదు. నేను అడగలేదు. మా అమ్మ కూడా ఆనాడు కోతకు వెళ్ళింది. మా అమ్మ పోయేదాకా పిన్ని బల్ల ముట్టలేదని తరువాత తెలిసింది.

మొన్న కూడికలో అయ్యగారి భార్య చదవమని అందించిన ఫోను తిరిగి ఇచ్చేసి, నా గ్రంథం తెరిచి, పైన ఉన్నదీ చదివాను, కింద ఉన్నదీ చదివాను, ఈ కథా చెప్పాను. పెద్దవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. అయ్యగారి భార్య తల దించుకుంది. వెనక వరసలో ఇంటరు చదివే పిల్ల ఒకతె, నన్ను మానిపించమన్న ఆ ప్యాంటూ చొక్కాలోనే ఉంది, చేయి ఎత్తి, "వాడి పేరేంటి మామ్మా?" అని అడిగింది.

మా రోజుల్లో అందరం పిన్ని ఏం కట్టుకుందని అడిగాం. ఎవడని ఒక్కరమూ అడగలేదు, అడిగే పనిలేకుండా అందరికీ తెలుసు గనక. ఆ పిల్ల అంత తేలికగా అడిగేసరికి, మా పల్లెలో అలాంటి గొంతు ఆనాడు ఒక్కటి ఉంటే పిన్ని తెల్లచీరతో బల్ల దగ్గర కూర్చుని ఉండేది గదా అనిపించి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. వాడు పోయి చాలా కాలమైంది, మనవలు ఇదే పేటలో మర్యాదగా వ్యాపారం చేసుకుంటున్నారు, ఒకరిద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా. ఇన్నేళ్ళ తరువాత ఎందుకులే అమ్మా అన్నాను. ఆ పిల్ల నన్నలాగే చూస్తూ కూర్చుంది.

ఇంటికి వచ్చి ఇదంతా రాశాను. రాసినది మళ్ళీ మొదటినుంచి చదువుకుంటే, ఇక్కడా వాణ్ణి ఆసామి బావమరిది అనే రాశాను.