మూడు తరాల నెలవంక

బాతిస్తాకి కుదురు లేదు. స్పెయిన్‌లో అలికాంతే నగరం దగ్గరి ఓ ఊళ్లో, కాఫీ హోటల్ బల్ల కింద అతని మోకాలు ఊగుతూనే ఉంటుంది. చొక్కాకున్న ఎర్ర శిలువ బిళ్లను రుద్దుకుంటూ, "దేవుడి ఆజ్ఞ!" అని శిలువయుద్ధాల నాటి కేక వేసి, "ముస్లింలను సముద్రం దాటించేదాకా నిద్రపోం" అంటాడు తన వలస వ్యతిరేక పార్టీ కుర్రాళ్లతో. ఏప్రిల్ పండుగకు ఊళ్లో క్రైస్తవ జట్టుకూ ముస్లిం జట్టుకూ ఉత్తుత్తి యుద్ధం జరుగుతుంది. ఆవేళ బాతిస్తా కళ్లకు కాటుక దిద్దుకుని, నెలవంక గుచ్చిన తలపాగా చుట్టుకున్నాడు.

"అదేంటన్నా, ఈసారైనా శిలువ జట్టులోకి రావా?" అన్నాడు పార్టీ కుర్రాడు చిమో.

"నోర్ముయ్‌రా! మా తాత ముస్లిం జట్టు, మా నాన్న ముస్లిం జట్టు. నన్నిప్పుడు మతం పుచ్చుకోమంటావా?"

తాతనాటి పట్టు అంగీ చిరుగుతుందని శిలువ బిళ్ల విప్పి చిమో చేతిలో పెట్టి, వంపుకత్తి ఎత్తి నడిచాడు. ఊరేగింపు ముగిసేదాకా ఆ మోకాలు ఒక్కసారీ ఊగలేదు.