ఆమె ఇస్తానన్న కిడ్నీ

నేను పరాయి దేశంలో, పోర్ట్‌లీష్ అనే ఊళ్లో కాపురం ఉంటూ దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరుగా పనిచేసిన రోజుల్లో ఆ దేశమంతా డబ్బు మదంలో ఉండేది. డయాలసిస్ వార్డులో సూదులు గుచ్చుతూ కూడా నర్సులు ఇళ్ల ధరల గురించే మాట్లాడుకునేవారు.

ఆ వార్డుకు వారానికి మూడుసార్లు ఒక కరీంనగర్ కుర్రాడు వచ్చేవాడు. కుర్రాడంటే నలభైకి దగ్గరపడ్డవాడే. అక్కడే లెపర్డ్స్‌టౌన్ అనే చోట సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుండగా స్కిజోఫ్రీనియా వచ్చింది. ఎవరో తిడుతున్నట్టు పగలూ రాత్రీ మాటలు వినిపించేవట. ఉద్యోగం పోయింది. తర్వాత బీపీ ముదిరి కిడ్నీలూ పోయాయి. దేవుడికి కొందరి మీద అంత కక్ష ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

భార్య తన కిడ్నీ ఇస్తానంది. పరీక్షలన్నీ చేశాం, సరిపోయింది. మానసిక వైద్యుడూ సరేనన్నాడు. ఇక ఆపరేషనే తరువాయి అనుకుంటుంటే, ఆమె ఒకరోజు నన్ను వరండాలో ఆపింది.

"అన్నా, నేను కిడ్నీ ఇస్తే మిషన్ బంద్ అయితది గదా?"

"అందుకేగా అమ్మా ఇస్తున్నది."

"అయితే వద్దన్నా. గీ మిషన్ మొదలైనంక ఆయన ఒక్కడే మాట్లాడుకునుడు బంద్ జేసిండు, ఇంటికొచ్చి సప్పుడు జేయకుండ పండుకుంటాండు. ఎన్కట ఈ మాటలు ఇనబడే రోగానికి గూడ డయాలసిస్ చేసిన్రంట. ఇంటర్నెట్ల సూసిన."

నిజమే, చేశారు. రక్తంలోని ఏదో విషం వల్లే ఈ జబ్బు వస్తుందేమోనని ఒకప్పుడు కొందరు డాక్టర్లు ఆశపడ్డారు. తర్వాత కొందరు రోగులకు రక్తం శుభ్రం చేయకుండా మిషన్ ఊరికే తిప్పి చూశారు. నిజంగా చేసినవాళ్లకూ, ఉత్తుత్తిగా చేసినవాళ్లకూ తేడా కనబడలేదు. అక్కడితో వదిలేశారు. ఇదంతా ఆమెకు ఓపిగ్గా చెప్పాను. డయాలసిస్ అయ్యాక ఒళ్లు పులిసిపోతుందని, అతను నిద్రపోయేది ఆ నీరసంతోనేనని కూడా చెప్పాను.

"కొందరికి తగ్గిందని గూడ రాసిన్రన్నా," అంది. ఆమె చెవికెక్కింది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం ఆమె లేనప్పుడు అతని మంచం పక్కన కూర్చుని, ఆ మాటలు నిజంగా పోయాయా అని సూటిగా అడిగాను.

"ఏడికి పోతయన్నా? ఇప్పుడు గూడ తిడుతున్నయి," అన్నాడు. "ఇంటికి పోయి పండుకున్నట్టు జేస్త. బదులు చెప్పకుండ పండ్లు బిగపట్టుకుంట. ఎన్నేండ్లకో ఆమె నవ్వుతాంది."

"నువ్వు నిజం చెబితే కిడ్నీ ఇస్తుందయ్యా. నీ ప్రాణం సంగతి ఇది!"

"నువ్వు మాత్రం చెప్పకన్నా."

అతని మాట కాదని ఆమెకు చెప్పే హక్కు డాక్టరుగా నాకు లేదు. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఆఖరికి, వచ్చేసారి ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఆమె ముఖంలోకి చూస్తూ అబద్ధం ఆడలేడని నా నమ్మకం.

"నువ్వే అడుగమ్మా," అన్నాను.

ఆమె భర్త చెయ్యి పట్టుకుంది. "నిజం చెప్పు. ఇంకా ఇనబడుతున్నయా?"

అతని దవడలు బిగుసుకుని ఉన్నాయి. అవి సడలించుకుని ఆమెను చూసి నవ్వాడు.

"లేవు," అన్నాడు.

"సూసినవా అన్నా," అని ఆమె నాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. "ఎన్నేండ్లయినా సరే, మిషన్ మాత్రం ఆపకుండ్రి."