మంచినీళ్ళ పిన్ని

ఎవరింటికెళ్ళినా ఆవిడ కాఫీ వద్దంటుంది, టీ వద్దంటుంది. హాల్లో కూర్చుని కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, "అమ్మా, కాసిని మంచినీళ్ళిస్తావా?" అంటుంది. ఇల్లాలు లేవగానే, "నీకెందుకు శ్రమ, నేనే వస్తాలే" అంటూ వెనకాలే వంటింట్లోకి వెళుతుంది. ఊరందరికీ ఆవిడ ఆరోగ్య బీమా ఏజెంటు. మా వీధికి మాత్రం మంచినీళ్ళ పిన్ని.

ఆ దాహం సంగతేమిటో నాకు మా ఇంట్లోనే తెలిసింది. నాది జెరాక్సు షాపు, మా ఆయన వ్యాను డ్రైవరు. ఇంట్లో ఎవరికేం జబ్బులున్నాయని పిన్ని హాల్లో అడిగితే, మా ఆయన దర్జాగా కాలు మీద కాలేసుకుని, "మా ఆవిడకా? జబ్బులే ఆవిణ్ణి చూసి జడుసుకుంటాయండీ" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? వంటింట్లో గ్లాసు అందిస్తుంటే పిన్ని మెల్లగా అడిగింది.

"నీకెక్కడే నొప్పి?"

అంతే, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మాట నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే గుండెదడ, అన్నీ చెప్పేశాను.

"ఆయనకు మాత్రం చెప్పకు పిన్నీ. కంగారు పడతారు."

"ఇక్కడ దాచింది రేపు ఆసుపత్రిలో బయటపడుతుందే. అప్పుడు కంపెనీవాళ్ళు చేతులెత్తేస్తారు. పద, నువ్వే చెప్పు. నేను పక్కనే ఉంటా."

చెప్పాను. మా ఆయన మొహం పాలిపోయింది గానీ, గుండె ఆగలేదు. పిన్ని ఉన్నదున్నట్టు రాసింది. ప్రీమియం కొంచెం పెరిగింది. పరీక్షల్లో తేలిన గుండె జబ్బుకి బీమా వర్తించాలంటే కొన్నేళ్ళు ఆగాలన్నారు. అందాకా ఏం చేయాలో కూడా ఆవిడే చూసింది. ట్రస్టు ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్ళి ఫీజు తగ్గించే రాయితీ కిటికీ ఎక్కడో చూపించింది, అదే మందు తక్కువ ధరలో దొరికే షాపు చెప్పింది. ఇంకో ఏజెంటయితే "ఏ జబ్బూ లేదు" అని రాసేసి, కమీషను జేబులో వేసుకుని చక్కాపోయేవాడు. నిజం రాస్తానన్నందుకు పిన్ని చేజార్చుకున్న బేరాలు కోకొల్లలు. "ఇలాగైతే నువ్వు బాగుపడ్డట్టే" అని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం భోంచేసి నా షాపుకొచ్చి, కాపీలు తీయిస్తూ తీయిస్తూ కుడి డొక్క పట్టుకుని బల్ల మీదికి వంగిపోయింది. నుదుటి మీద చెమట. ఏమైందంటే గ్యాసంది. మరోసారి అజీర్తంది. ఇంకోసారి వయసంది. ఒకే నొప్పికి ఇన్ని పేర్లు పెట్టేవాళ్ళని నమ్మకూడదని నాకు నేర్పింది ఆవిడే. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే, "నాకేమే, నిక్షేపంలా ఉన్నాను" అని కసిరింది. మనిషి చూస్తే చిక్కి సగమైంది. జాకెట్లు వదులైపోయాయి. నాకు భయం పట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే షాపు మా ఆయనకి అప్పగించి వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయి హాల్లో పేపరు చదువుకుంటున్నాడు. ఆయన గుండెకి స్టెంటు వేశారు. అప్పట్నుంచీ పిన్ని ఆయన్ని కంటికి రెప్పలా చూసుకుంటోంది, చెడ్డ వార్తలుంటే పేపరు కూడా దాచేస్తుంది. కూర్చుని ఆ మాటా ఈ మాటా మాట్లాడాను. తర్వాత, "పిన్నీ, కాసిని మంచినీళ్ళిస్తావా?" అన్నాను.

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "నీకు కొత్తేమిటే, వెళ్ళి తాగు."

"నువ్వే ఇవ్వాలి."

వంటింట్లో ఆవిడ గ్లాసు నా చేతిలో పెట్టింది.

"నీకెక్కడ నొప్పి పిన్నీ?"

"దొంగమొహమా! నా విద్య నా మీదేనా?" అని నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. గాల్‌బ్లాడర్లో రాళ్ళట. తను బీమా తీసుకునే ముందే డాక్టరు ఆపరేషను చేయించుకోమన్నాడట. కాగితాలు నింపుతున్న రోజున, అప్పుడే స్టెంటు వేయించుకుని ఇంటికొచ్చిన బాబాయి ఎదురుగా కూర్చుని, "నీకేం లేదు కదా?" అని అడిగాడట. "ఏం లేదండీ" అంది. అదే మాట కాగితం మీదా రాసేసింది.

"ఇప్పుడు వెళితే అంతా బయటపడుతుందే. వీధి వీధికీ నీతులు చెప్పి, నేనే అబద్ధం రాశాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మొహం సంగతి తర్వాత, ముందు కడుపు సంగతి చూడు! కంపెనీకి ఉన్నదున్నట్టు రాసేద్దాం. ఉంచితే ఉంచుతారు, తీసేస్తే తీసేస్తారు. ఆపరేషను ట్రస్టు ఆసుపత్రిలో చేయించుకో. ఆ రాయితీ కిటికీకి అంతమందిని తీసుకెళ్ళావు, నీకు దారి తెలియదా? పద, బాబాయికి నువ్వే చెప్పు. నేను పక్కనే ఉంటా."

"ఆయన గుండె తట్టుకోలేదే."

"మా ఆయనది తట్టుకుంది."

పిన్ని హాల్లోకొచ్చి, కొంగు వేలికి చుట్టుకుంటూ, తలెత్తకుండా అంతా చెప్పింది. బాబాయి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"తెలుసు" అన్నాడు. "అన్నం తినగానే పెరట్లోకెళ్ళి గోడ పట్టుకుని నిలబడతావు. ఈ కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉన్నాను."

"తెలిసి కూడా అడగలేదేమండీ?" పిన్ని చివాలున తలెత్తింది.

"నువ్వంత కష్టపడి దాస్తుంటే ఏమని అడగను? ఎవరికైనా చెప్పుకుందామంటే..." ఆయన నావైపు చూశాడు. "మీరంతా ఆడవాళ్ళనేగా అమ్మాయీ మంచినీళ్ళడిగేది. నన్నెవరడిగారు?"

పిన్ని ఆయన పక్కన కూలబడి భుజం మీద తల వాల్చేసింది. నా గ్లాసు నా చేతిలో అలాగే ఉంది. తీసుకెళ్ళి బాబాయికిచ్చాను.