ఆయన చేతులకు నా పూచీ

మొన్న టీవీలో నల్లకోటు వకీళ్లు గంటసేపు వాదించుకున్నారు, కుస్తీ నేర్చినవాడి చేతుల్ని చట్టం ఆయుధాలుగా చూడాలా వద్దా అని. నువ్వేమంటావని మనవరాలు అడిగితే నవ్వొచ్చింది. సూర్యాపేటలో ఈ పంచాయితీ నా పెళ్లయిన ఏడే తేలిపోయింది, అదీ మా అత్త నోటి ధాటికి.

మా ఆయన తాలీంలో, అంటే కుస్తీ గోదాలో, పెరిగిన పహిల్వాను. కోదాడలోనో మిర్యాలగూడలోనో కుస్తీలు పెడితే, ఈయన వచ్చాడని తెలియగానే సగంమంది లంగోటా కట్టేవారు కాదు. ఇంట్లో మాత్రం పిల్లి పాలు తాగుతున్నా అదిలించడు. పోలీస్ యాక్షన్‌తో నిజాం రాజ్యం పోయిన కొత్తలో, ఆయుధాలున్నవాళ్లు ఠాణాలో అప్పజెప్పాలని డప్పు చాటించారు. దసరా మర్నాడు ఈయన బుద్ధిమంతుడిలా తన సాముకర్ర తీసుకెళ్లి ఇచ్చాడు. అక్కడున్న పోలీసు పటేలుకు ఈయనంటే గిట్టదు. "కర్రదేముంది సాబ్, వీని చేతులే ఆయుధాలు. నిన్న ఆయుధపూజల వాళ్లమ్మ చేతులకు గూడ బొట్టు పెట్టింది, సూడుండ్రి" అన్నాడు. అది తాలీం ఇళ్లలో ఆనవాయితీ. కుంకుమ ఇంకా పోలేదు. ఠాణా పెద్దగా కొత్తగా వచ్చిన అమీను ఈయన్ని అక్కడే కూర్చోబెట్టాడు. జైలుకు పంపుతారని కబురొచ్చింది. కాళ్ల పారాణి ఆరని నేను ఏడుపందుకున్నాను.

అత్త ఏడవలేదు. నన్ను వెంటబెట్టుకుని ఠాణాకు నడిచింది. "పూజ నాగలికి జేసిన, రోకలికి జేసిన. అవి గూడ పట్కపోతవా సారూ? సరే, ఆయుధమే అనుకో, ఉంచుకో. తుప్పు పట్టకుంట నువ్వే సూసుకోవాలె మరి. పొద్దుగాల చెంబెడు పాలు, బాదం పలుకులు, పగటికి గంపెడు రొట్టెలు, మీద నెయ్యి. గివన్ని సర్కారు ఇస్తదా, నీ ఇంట్లకెళ్లి తెస్తవా?"

అమీను నవ్వాపుకోలేకపోయాడు. అయినా ఎవరో ఒకరు పూచీ పడాలన్నాడు. అత్త నన్ను ముందుకు తోసింది. "ఇగో, వీని పెండ్లాం. ఇది వద్దంటె మావోడు చెయ్యి లేపడు." తలూపాను. "జర జాగ్రత్త, బేటీ" అని అమీను ఆయన్ని నాకు అప్పజెప్పాడు.

ఆ పూచీ మాటను ఆయన నాకంటే గట్టిగా పట్టుకున్నాడు. ఒకసారి అంగట్లో ఎవడో తాగి ఆయన చెంప మీద కొడితే, నా వైపు చూసి చేతులు కట్టుకు నిలబడ్డాడు. నాకే ఒళ్లు మండి "ఒక్కటెయ్యి" అన్నాను. వెయ్యలేదు. ఇంటికొచ్చేదాకా నేనే తిట్టాను, ఆయన్నీ ఆ తాగుబోతునీ కలిపి.

ఆ అమీను ఎటు బదిలీ అయిపోయాడో తెలియదు. నా పూచీని మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. అంత పేరున్న ఆ చేతులు నా దగ్గరే ఉండి, నా చేతుల్లోనే మెల్లగా ముసలివయ్యాయి.