వంపు తీసిన ట్రైలర్

తోటి డ్రైవర్లు అతన్ని నిదానం అని పిలిచేవారు. బయల్దేరమంటే ముందు బండి చుట్టూ తిరిగి, ప్రతి చక్రాన్నీ కాలితో తన్ని చూసుకుంటేగానీ ఎక్కేవాడు కాదు. "బండి తోలతావా, బండికి వైద్యం చేస్తావా?" అని ఏడిపించేవాళ్ళు. నవ్వి ఊరుకునేవాడు.

జుట్టు నెరిసేదాకా ఒకే యజమాని దగ్గర తోలాడు. ఆయన పాత లారీ అమ్మకానికి పెడితే, ఉన్నదంతా ఊడ్చి తనే కొనుక్కున్నాడు. లారీ అంటే ముందు భాగమే. వెనక తగిలించే ట్రైలర్ వేరే చూసుకోవాలి. అదీ వస్తే ఇక ఒకరి కింద బతకనక్కర్లేదు. ఏ సరుకు ఎత్తాలో, ఎప్పుడు ఇంటికి రావాలో తన ఇష్టం. ఇంతకంటే పెద్ద కోరిక అతనికి ఎప్పుడూ పుట్టలేదు, పాపం.

గోడలూ కప్పూ లేకుండా ఒట్టి బల్లలా ఉండే ఫ్లాట్‌బెడ్ కావాలనుకున్నాడు. ఇనప రేకులైనా, పైపులైనా క్రేనుతో పైనుంచి దించెయ్యొచ్చు. అల్యూమినియంది తేలిక, తీసుకోమన్నాడు ట్రైలర్ల యార్డులో అమ్మేవాడు. "తేలికైతే నాకేంటి, నేను మొయ్యాలా?" అని ఉక్కుదానికే పట్టుబట్టాడు నిదానం. ప్రతి ట్రైలర్ కిందా వెల్లకిలా దూరి అతుకులు తడిమాడు. అమ్మేవాడికి తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి అప్పు చేసి ఒకటి కొన్నాడు. దాన్ని ఇంటిపక్క ఖాళీ జాగాలో పెట్టారు. బావమరిది వెల్డరు. అక్క మొగుడి బండి అంటే తన బండే అనుకునే రకం. సరుకు ముందుకి జారకుండా క్యాబిన్ వైపు అడ్డుగోడ అతికాడు. గొలుసులు తగిలించే కొక్కేలు ఒకే వరసలో రావాలని పక్కన దారం లాగి కట్టాడు. అప్పుడు బయటపడింది. దారం తిన్నగా ఉంది, ట్రైలర్ తిన్నగా లేదు. నడిమి భాగం నాలుగు వేళ్ళ ఎత్తున ఉబికి ఉంది.

వంకర బండి అంటగట్టారనుకున్నాడు నిదానం. ఇన్నేళ్ళూ సరుకు ఎక్కించి గేటు దగ్గర పెట్టిన ట్రైలర్లనే తగిలించుకుని వెళ్ళాడు. కొత్త ఖాళీ ట్రైలర్‌ను పక్కనుంచి చూసిన పాపాన పోలేదు. యార్డువాణ్ణి ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ అంతటి డ్రైవరు, కొనేటప్పుడు కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు అనిపించుకుంటాడా? అడగలేదు.

"వాళ్ళ కాళ్ళావేళ్ళా పడటం ఎందుకు బావా? నేను లేనా?" అన్నాడు బావమరిది.

కింది దూలాల్ని గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, పైన సిమెంటు దిమ్మలు పేర్చి అణిచారు. చల్లారాక రంగు వేశారు. దారానికి ట్రైలర్ అతికినట్టు సరిపోయింది. నిదానం బావమరిదిని కౌగిలించుకున్నాడు. ఆ సాయంత్రమంత సంతోషం అతనికి మళ్ళీ దొరకలేదు.

మొదటి సరుకు ఇనప పలకలు. క్రేను తెచ్చి దించుతుంటే ట్రైలర్ నడుము కిందికి దిగింది. దిగుతూనే ఉంది. క్రేను ఆపరేటర్ గబుక్కున పలకల్ని మళ్ళీ పైకి లేపేశాడు.

"ఖాళీ బండి నడుము ఎత్తుకుని ఉండాలయ్యా! బరువు పడితే అప్పుడు తిన్నగా అవుతుంది. అందుకే అలా వంచి చేస్తారు. దీని వంపు ఏమైంది?" అన్నాడు కిందికి దిగొచ్చి.

వెనకాల నిలబడ్డ ఇంకో బండి మీదికి ఆ పలకలు ఎక్కించారు. నిదానం చూస్తూ నిలబడ్డాడు.

అక్కణ్ణుంచి యార్డుకి వెళ్ళాడు. అమ్మినవాడు కిందికి వంగి, రంగు గీకి, కాలిన మచ్చలు చూశాడు. తిట్టినా బాగుండేది. జాలిపడ్డాడు. "మంట తగిలిందంటే ఆ ఉక్కు సత్తువ పోయినట్టే అన్నా. మళ్ళీ వంచినా నిలబడదు. ఎవరు చేశారు?"

"నేనే," అన్నాడు నిదానం.

ఇంటికొచ్చేసరికి బావమరిది గొలుసులు పెట్టుకునే పెట్టె ఒకటి చేసుకొచ్చి, ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఖాళీ ట్రైలర్ చూసి లేచాడు. నిదానం క్రేను ఆపరేటర్ చెప్పిన మాట చెప్పాడు. యార్డువాడి మాట మాత్రం చెప్పలేదు. బావమరిది పెట్టె పక్కన పెట్టాడు. వెళ్ళి గ్యాస్ సిలిండర్ దొర్లించుకొచ్చాడు.

"అంతేకదా బావా! తీసిన వంపు మళ్ళీ తెప్పిస్తాను. నువ్వేం బెంగ పెట్టుకోకు."

గుమ్మంలోంచి భార్య మొగుడి మొహం చూసింది. ఇంకా ఏదో దాస్తున్నాడని ఆమెకి అర్థమైంది. "చెప్పండి వాడికి," అంది మెల్లగా.

చెబుదామని నిదానం దగ్గరికి వెళ్ళాడు. గాలికి మంట అంటుకోవడం లేదు, బావమరిది మళ్ళీ మళ్ళీ వెలిగిస్తున్నాడు.

నిదానం గాలికి అడ్డంగా నిలబడ్డాడు.